వణికింది ఆమె చెయ్యి కాదు

కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపు అది. అక్కడ ఇరవై రెండేళ్లుగా మిల్లింగ్ మెషిన్ మీద పనిచేస్తున్న మనిషిని ఒక గురువారం పొద్దున్న సూపరింటెండెంటు అందరి ముందూ నిలబెట్టి, "నీకు చెయ్యి వణుకుతోందమ్మా. సోమవారం నుంచి చీటీల కిటికీ దగ్గర కూర్చో" అన్నాడు. పోనీ గొంతు తగ్గించి అన్నాడా అంటే అదీ లేదు. రోగులు కూర్చునే బెంచీల దాకా వినపడేలా అన్నాడు. ఇరవై రెండేళ్ల క్రితం ఆమె ఆ మెషిన్ ముందు నిలబడిన రోజున ఈ మహానుభావుడికి మీసాలైనా సరిగ్గా వచ్చాయో లేదో!

ఆమెకో పేరుంది. అది హాజరు పట్టీలో ఉంది. వర్క్‌షాపులో మాత్రం అందరికీ ఆమె ముల్లక్క. డయల్ గేజీ అని గడియారంలాంటి చిన్న కొలత పరికరం ఉంటుంది. వెంట్రుకలో సగం తేడా వచ్చినా దాని ముల్లు కదులుతుంది. ఆ ముల్లు సున్నా మీద నిలబడేదాకా ఆమె ఎవరికీ సమాధానం చెప్పదు కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు. ఒక్కసారి ఆమెతో మాట పెట్టుకుని చూడండి, పేరెందుకొచ్చిందో మీకే తెలుస్తుందని మిగతావాళ్లంటారు.

గొడవంతా మోకాలి కీలు గురించి. తొడ దాకా కాలు పోయినవాళ్లకి పెట్టే కృత్రిమ కాలిలో అల్యూమినియం కీలు ఒకటి ఉంటుంది. దానికి పైనొక చెవి, కిందొక చెవి. పై చెవికి పెద్ద బెజ్జం, కింది చెవికి చిన్న బెజ్జం. రెండింట్లోంచీ ఒకే ఉక్కు పిన్ను దూరాలి. బెజ్జాలు ఒకదాని కింద ఒకటి తిన్నగా లేకపోతే పిన్ను ఏటవాలుగా ఇరుక్కుంటుంది. మోకాలు కిర్రుమంటుంది, మడతపడుతూ మడతపడుతూ మధ్యలో పట్టేస్తుంది. పాత పెద్ద మెషిన్ మీద ఇన్నేళ్లలో ముల్లక్క కోసిన కీళ్లు ఎన్ని వందలమందిని నడిపించాయో ఎవరూ లెక్కపెట్టలేదు. మూడు నెలల క్రితం దాన్ని తీసేసి, బల్ల మీద పట్టే కొత్త చిన్న మెషిన్ తెచ్చారు. అప్పటినుంచి కోసిన పెద్ద సైజు కీళ్లు ఏడు. ఏడూ పాడయ్యాయి.

ఏడోది పెట్టించుకున్నాయన రిటైరైన బస్సు కండక్టరు. ఇంట్లో మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసి, నాలుగు మెట్లు దొర్లి, మోచెయ్యి చీరుకుపోయింది. కట్టు కట్టించుకుని వచ్చి, ఆ కీలు తిరిగిచ్చేసి, "నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి ఆలోచిస్తోందండీ ఈ మోకాలు. జీవితమంతా నేను ఈల వేస్తే బస్సే ఆగింది. ఇప్పుడు చెప్పాపెట్టకుండా నా కాలు ఆగుతోంది" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. సూపరింటెండెంటుకి మాత్రం చెమటలు పట్టాయి. ఎవరో ఒకరి మీద పడెయ్యాలి కదా! కొత్త మెషిన్ మీద పడేద్దామంటే దాన్ని ఏరికోరి తెప్పించింది ఆయనే. ఇంక మిగిలింది యాభై ఆరేళ్ల ఆడమనిషి.

"వయసు మీదపడ్డాక ఎవరికైనా మామూలేనమ్మా. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?" అని ఓదార్చాడు కూడా. తప్పు లేనివాళ్లని ఓదార్చడమంత తిట్టు ఇంకోటి లేదు. ముల్లక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన పాలిష్ పట్టే బాబాయి తల దించుకుని గుడ్డతో ఏదో తుడుస్తున్నాడు. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. అందరికంటే ఆమెకి ఎక్కువ మండింది బాబాయి మీదే, ఎందుకంటే మిగతావాళ్ల దగ్గర ఆమె ఏమీ ఆశించలేదు.

సూపరింటెండెంటు బదిలీ కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయాక ఆమె తన కుడిచేతిని చాపి చూసుకుంది. చూసుకున్నందుకు మళ్లీ తన మీద తనకే కోపమొచ్చింది. చెయ్యి బల్లలా నిలబడింది. అయినా ఒకసారి మాట పడ్డాక మనసు ఊరుకోదు. మధ్యాహ్నం మంచినీళ్లు తాగుతూ గ్లాసు వంక చూసింది, తాళం తీస్తూ తాళంచెవి వంక చూసింది. అలా సాయంత్రం దాకా తన చేతికి తనే కాపలా కాసింది.

శుక్రవారం పొద్దున్నే వచ్చి తుక్కు డబ్బా బోర్లించి పాడైన ఏడు కీళ్లూ బయటికి తీసింది. బల్ల మీద వరసగా పెట్టి కొలిచింది. ఒకటో ముక్కలో కింది బెజ్జం ముందుకి జరిగింది, రెండు కాగితాల మందమంత. రెండోదీ ముందుకే, అంతే మందం. మూడోదీ అంతే. ఏడోది కొలిచేసరికి ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"బాబాయ్, ఇలా రా. వణికే చెయ్యి ఎటు వణుకుతుంది?"

"ఎటేమిటే, అటూ ఇటూ వణుకుతుంది."

"మరి ఈ ఏడూ చూడు. ఒక్కటైనా వెనక్కి వెళ్లిందా? ఒక్కటైనా పక్కకి వెళ్లిందా? అన్నీ ముందుకే, అన్నీ ఒకే కొలత. ఇంత క్రమశిక్షణతో వణికే చెయ్యి ఎక్కడైనా ఉంటుందా?"

బాబాయి కళ్లద్దాలు పైకి తోసుకుని ఏడు ముక్కలూ చూశాడు. "నిన్న నేను నోరు మూసుకోకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ మాటతో ఆమె కోపం సగం దిగింది. ఆ మిగతా సగాన్ని పనికొచ్చే చోట వాడదామని అట్టేపెట్టుకుంది.

పై బెజ్జాన్ని పొట్టి పనిముట్టుతో కొయ్యాలి. కింది చెవికి పొడుగు డ్రిల్లు కావాలి. అది పట్టాలంటే మెషిన్ తలని, అంటే పనిముట్టు తిరిగే భాగాన్ని, స్తంభం మీద చాలా పైకి జరపాలి. అంటే రెండు బెజ్జాలకీ మధ్య జరిగేది ఒక్కటే, తల పైకెక్కడం. తల తిన్నగా పైకెక్కకుండా ముందుకి ఒరుగుతూ ఎక్కుతోందా? ఆమె స్టోరులోంచి ఉక్కు మూలమట్టం తెచ్చి మెషిన్ బల్ల మీద నిలబెట్టింది. డయల్ గేజీని తలకి బిగించి, దాని మొనని మూలమట్టానికి ఆనించి, చక్రం తిప్పుతూ తలని మెల్లగా పైకి పంపింది. ముల్లు కదిలింది. కాస్త కదిలి ఆగుతుందేమో అనుకుంది. అది ఆగకుండా ఒక గీత, రెండు గీతలు, పది గీతలు, ఇరవై గీతలు దాటి పోయింది. రెండు కాగితాల మందం! ముల్లక్క కిందికి దించి మళ్లీ చూసింది. ముల్లు బుద్ధిగా వెనక్కొచ్చింది. ఇంకోసారి చూసింది. మూడోసారీ అదే లెక్క. స్తంభం ముందుకి ఒరిగి నిలబడింది, మూడు నెలలుగా.

కోపం వచ్చిందా అంటే, వచ్చింది. అంతకంటే ముందు ప్రాణం లేచొచ్చింది. గేజీని అలాగే వదిలేసి ఆమె సూపరింటెండెంటు గదికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

ఆయన అంతా విన్నాడు, కుర్చీలోంచి మాత్రం లేవలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకి తోశాడు. మెషిన్ బిగించిన రోజున కంపెనీ ఇంజనీరు రాసిచ్చిన కాగితం అది. అమరిక సరిగ్గా ఉంది, పరీక్షించి చూశాం అని ఉంది. కింద ఇంజనీరు సంతకం. దాని పక్కన ఇంకో సంతకం.

"ఇది ఎవరిదమ్మా?"

ఆమె సంతకమే.

"అప్పుడు సరిగ్గా ఉన్నది ఇప్పుడు ఒరిగిందా? బోల్టుల మీద ఎర్ర రంగు చెక్కుచెదరలేదు, నేను పొద్దున్నే చూశాను. చెయ్యి కాకపోతే కన్ను అయ్యుంటుంది. ఆ గేజీ గీతలు ఈ వయసులో కనపడొద్దూ!"

ఆ వర్క్‌షాపులో ఎర్ర రంగంటే శాసనం. ఏ మెషిన్ బిగించినా, అమరిక అయ్యాక బోల్టు మీదినుంచి కిందికి ఒక ఎర్ర గీత గీస్తారు. బోల్టు కదిలితే గీత విరుగుతుంది. గీత విరగ్గొట్టినవాళ్లదే ఆ తర్వాత వచ్చే ప్రతి తప్పూ. ముల్లక్క కూడా ఇన్నేళ్లలో ఒక్క గీతనీ ముట్టుకున్న పాపాన పోలేదు. గీత బాగుంటే లోపల అంతా బాగున్నట్టే అని ఆ గదిలో అందరికీ నమ్మకం. రంగు వెయ్యకముందే వంకరగా ఉందేమో అన్న అనుమానం ఎవరికీ రాలేదు, ఆమెకి కూడా.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె చేతికి దొరికిన గిన్నెకల్లా చప్పుడు తప్పలేదు. ఆమె భర్త దర్జీ, ముందు గదిలోనే మిషను. చొక్కా కాలరు కుడుతూ కుడుతూ ఆపి, "గిన్నెలేం చేశాయే పాపం? ఆ సూపరింటెండెంటు మొహం అనుకుని తోముతున్నావా?" అన్నాడు.

"ఆయన మొహం తర్వాత. ముందు నా మొహం తోముకోవాలి."

జరిగినదంతా చెప్పింది. ఆయన అంతా విని, ఒక్కటే అడిగాడు. "సంతకం చూసే పెట్టావా, చూడకుండా పెట్టావా?"

"సగం చూసి పెట్టానండీ."

ఆ సగమేమిటో ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆయనకి చెప్పింది. మెషిన్ బిగించిన రోజున ఇంజనీరు గేజీని తలకి తగిలించి, బల్ల మీద గుండ్రంగా తిప్పి చూపించాడు. ఎడమన సున్నా, కుడిన సున్నా, ముందు సున్నా, వెనక సున్నా. ముల్లు ఉలకలేదు, పలకలేదు. అంత ముచ్చటగా నిలబడిన ముల్లుని ఆమె అంతకుముందు చూడలేదు. దాన్ని చూసి మురిసిపోయి సంతకం పెట్టేసింది. తలని పైకీ కిందికీ నడిపించి చూడలేదు. ఆమెకి పని నేర్పిన ముసలి ఫోర్‌మన్ చెప్పినదే అది: ముందు నడుం చూడు, తర్వాత తల చూడు. నడుం వంకరగా ఉన్న మనిషి కూడా మెడ సర్దుకుని తల నిటారుగా పెట్టగలడు, నిలబడితే తెలియదు, లేచి నాలుగడుగులు వేస్తే తెలుస్తుంది. పాత మెషిన్‌కి ఇరవై ఏళ్లలో నడుం చూడాల్సిన అవసరం రాకపోయేసరికి ఆ మాట మరిచిపోయింది.

"అయితే తప్పు నీదీ ఉంది" అన్నాడు భర్త.

"ఉంది. ఉన్నంత ఒప్పుకుంటాను. లేనిది మాత్రం చస్తే ఒప్పుకోను. నా చెయ్యి వణకదు."

"ఆ సంగతి నాకు తెలుసులే. సూదిలో దారం ఎక్కించాలంటే నేను నిన్నే కదా పిలుస్తాను" అన్నాడాయన. ఆ మాటకి ఆమెకి కళ్లు చెమర్చాయి. దానిక్కూడా ఆయన్నే కసిరింది.

శనివారం పొద్దున్న కండక్టరు వచ్చాడు. కీలు మార్చి ఇస్తామని సూపరింటెండెంటు మాటిచ్చిన రోజది. ఆయనే దగ్గరుండి మర్యాదగా కుర్చీ వేయించి, "మీకేం భయం లేదండీ, మనిషిని మార్చేస్తున్నాం" అన్నాడు. అంటే, ఊరందరికీ ఈ మాటే చెబుతున్నాడన్నమాట! ముల్లక్క అల్యూమినియం దిమ్మ తీసుకుని సూపరింటెండెంటు ఎదురుగా వచ్చి నిలబడింది.

"సార్, నా చెయ్యి వణుకుతుందిగా. ఈ కీలు మీరే కొయ్యండి. చదువుకునే రోజుల్లో మెషిన్ల మీద బహుమతులు కొట్టానని చెబుతుంటారుగా మీరు. మేం చూసి నేర్చుకుంటాం."

ఆయన ఏదో ఫైలుందని గొణిగాడు. కండక్టరు వదల్లేదు. "అవునండీ, మీ చేత్తోనే చెయ్యండి. పడింది నేను. ఎవరు చేసిన మోకాలు తొడుక్కుంటున్నానో నాకూ తెలియాలి కదా!" పాలిష్ బాబాయి అప్పటికే గౌను తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు, తొడుక్కోండి సార్ అన్నట్టు. వెనక్కి తగ్గడానికి దారి లేక ఆయన గౌను తొడుక్కున్నాడు.

ఉన్నమాట చెప్పాలి, ఆయనకి పని వచ్చు. దిమ్మని శుభ్రంగా బిగించాడు, పై బెజ్జం చక్కగా కోశాడు. తల పైకి జరిపి, పొడుగు డ్రిల్లు పట్టి, కింది చెవి కోశాడు. ముల్లక్క చేతులు కట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడింది. ఒక్క మాట సాయం చెయ్యలేదు, ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఆయన పిన్ను తీసి పై చెవిలో దూర్చాడు. కింది చెవి దగ్గరికొచ్చి ఆగింది. తిప్పాడు, నొక్కాడు. అరచేత్తో కొట్టాడు. అది ఏటవాలుగా దిగి ఇరుక్కుపోయింది.

ముల్లక్క ఆ ముక్కని తీసుకుని గేజీ కింద పెట్టింది. "ముందుకి. రెండు కాగితాల మందం" అని అందరికీ చెప్పింది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "మీకు కూడా చెయ్యి వణుకుతోందా సార్?"

ఎవరో కిసుక్కుమన్నారు. సూపరింటెండెంటు మొహంలో కత్తివాటుకి నెత్తుటి చుక్క లేదు. "రంగు తీసి చూడండి" అని మాత్రం అన్నాడు.

ఆమె పాత ఉలి తెచ్చి ఎర్ర గీతల్ని తన చేత్తోనే గీకేసింది. తల కింద చెక్క దిమ్మలు పేర్చి దాని బరువు వాటి మీద మోపింది. స్తంభం అడుగున నాలుగు బోల్టులూ వదులు చేసి, బాబాయి స్తంభాన్ని మెల్లగా ముందుకి వంచి పట్టుకుంటే, వెనక అంచు కింద చెయ్యి పెట్టింది. వేలికి ఏదో తగిలింది. గోరుతో లాగితే వచ్చింది, ఒక ఇనుప పొట్టు ముక్క, నలిగి రేకైపోయి. బిగించే రోజున పీఠం తుడవకుండా స్తంభం నిలబెట్టేశాడు ఆ ఇంజనీరు. ఇది పొరపాటు అనుకుందామన్నా అనుకోనివ్వలేదు ఆ తర్వాత బయటపడ్డ దొంగపని. తలని విప్పి చూస్తే, తలకీ స్తంభానికీ మధ్య కూల్‌డ్రింకు డబ్బాలోంచి కత్తిరించిన రేకు ముక్క, దాని మీద రంగు బొమ్మ ఇంకా మెరుస్తోంది. అంటే వాడికి స్తంభం ఒరిగిందని తెలుసు! విప్పి తుడిచే ఓపిక లేక, తల వెనక రేకు దూర్చి, తలని మాత్రం నిటారు చేసి, ముల్లు సున్నా చూపించి, ఎర్ర రంగు పూసి, ఆమె చేత సంతకం పెట్టించుకుని కడుపులో చల్ల కదలకుండా వెళ్లిపోయాడు. వాడు రేకుతో ఆడిన ఆటకి ఒక మనిషి మెట్ల మీద దొర్లాడు, ఇంకో మనిషి చేతికి రోగం అంటగట్టారు.

ముల్లక్క పీఠాన్ని కిరసనాయిల్‌తో తుడిచింది, నూనెరాయితో రుద్దింది, అరచెయ్యి పెట్టి నిమిరి చూసింది. స్తంభాన్ని దించి, బోల్టుల్ని మూల నుంచి మూలకి మార్చుకుంటూ కొంచెం కొంచెంగా బిగించింది. మూలమట్టం పెట్టి తలని పైకి నడిపించింది. ముల్లు ఈసారి వెనక్కి రెండు గీతలు జరిగింది. బాగానే ఉందిలే అన్నాడు బాబాయి. ఆమె వినిపించుకోలేదు. మళ్లీ విప్పి, వెనక్కి ఒరుగుతున్న వైపు ఇత్తడి రేకు ఒక పలచని పొర వేసి, మళ్లీ బిగించింది. ఈసారి తల కింది నుంచి పై దాకా వెళ్లింది, ముల్లు నిద్రపోతున్నట్టు ఉండిపోయింది. అప్పుడు తల సంగతి. డబ్బా రేకు తీసేసి, గేజీని బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ నాలుగు దిక్కులా సున్నా వచ్చేదాకా సర్దింది. రెండున్నర గంటలు పట్టింది. అంతసేపూ కండక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చూశాడు.

తొమ్మిదో కీలు ఆమె కోసింది. పిన్ను చేతిలోంచి వదిలితే, తన బరువుకి తనే దిగి, కింది చెవిలోంచి బయటికొచ్చి బల్ల మీద టక్కున పడింది. కండక్టరు దాన్ని తొడుక్కుని గది చివరిదాకా వెళ్లొచ్చాడు, గుమ్మం ముందు మూడు మెట్లూ ఎక్కి దిగాడు. ఎక్కడా కిర్రుమనలేదు.

సూపరింటెండెంటుకి మొహం మళ్లీ వికసించింది. "అంతా మంచికే జరిగిందమ్మా. సోమవారం నువ్వు నీ మెషిన్ దగ్గరే ఉండు. ఆర్డరు రద్దు చేసేస్తాను." అక్కడే నిలబడి కాగితం మీద ఒక వాక్యం రాసి ఇచ్చాడు: పరిపాలనా కారణాల వల్ల బదిలీ ఉపసంహరించడమైనది.

ముల్లక్క చదివింది. "పాత కాగితంలో ఏం కారణం రాశారు సార్?"

"అదిప్పుడెందుకమ్మా?"

"చెయ్యి వణుకు అని రాశారు. అది ఫైల్లో ఉంటుంది. నేను పోయాక కూడా ఉంటుంది. పరిపాలనా కారణాలకి నా చెయ్యి వణికిందా?"

ఆమె ఆ కాగితాన్ని తిరగేసి, ఆయన పెన్నే తీసుకుని, ముందు తన మాట రాసింది. మెషిన్ బిగించిన రోజున తల మాత్రమే చూసి, స్తంభం చూడకుండా సంతకం పెట్టాను. ఆ తప్పు నాది. అక్షరాలు ఒక్కొక్కటీ ముత్యంలా ఉన్నాయి. కింద పేరు రాసి, తేదీ వేసి, పెన్ను ఆయనకిచ్చింది.

"నా తప్పు నేను రాశాను. మీది మీరు రాయండి."

ఆయన చుట్టూ చూశాడు. బాబాయి ఈసారి తల దించుకోలేదు. ఆయన రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి, మడత పెట్టబోయాడు.

"చదవండి సార్. మొన్న అందరికీ వినపడేలా అన్నారుగా."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. మెషిన్ స్తంభం ఒరిగి ఉండటం వల్ల కీళ్లు పాడయ్యాయి అన్నంతవరకూ బాగానే వినిపించింది. ఈమె చెయ్యి వణుకుతోందని నేను విచారించకుండా అన్నది తప్పు అనే దగ్గరికి వచ్చేసరికి గొంతు నూతిలోకి దిగిపోయింది.

కండక్టరు కొత్త మోకాలు మీద లేచి నిలబడ్డాడు. "వెనక సీట్లకి వినపడలేదండీ" అన్నాడు. "మళ్లీ చదవండి."

ఆయన మళ్లీ చదివాడు.